వీటన్ ప్రముఖుల పట్టిక ఎలా తయారుచేయాలి

షికాగోకు పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, ఇల్లినాయ్ రాష్ట్రం డూపేజ్ కౌంటీలో ఉంది వీటన్. ప్రొటెస్టెంట్లలో ఒక ధోరణి అయిన అమెరికా ఎవాంజెలికల్ క్రైస్తవుల గురించి తెలుగులో ఏం రాయబోయినా ఈ ఊరి పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. పేరుమోసిన సువార్తికుడు బిల్లీ గ్రాహం చదివింది ఇక్కడే. ఈక్వడార్‌లో హత్యకు గురైన మిషనరీల్లో ముగ్గురు ఇక్కడి కాలేజీ విద్యార్థులే. వాడుక ఇంగ్లీషులో వచ్చిన లివింగ్ బైబిల్ వెనకున్న మనిషి కాపురం ఇక్కడే. అందుకే ఊరి చరిత్ర రాసేవాళ్లు, విజ్ఞానసర్వస్వాల్లో వ్యాసాలు రాసేవాళ్లు, చర్చి పత్రికలకు పరిచయ వ్యాసాలు ఇచ్చేవాళ్లు ఏదో ఒక దశలో ‘వీటన్ ప్రముఖులు’ అని ఒక పట్టిక మొదలుపెడతారు.

పేర్లు దొరకడం కష్టం కాదు. ఒక్క సాయంత్రంలో వంద పోగవుతాయి. వాటిలో ఏవి ఉండాలి, ఉన్నవాళ్లకి ఈ ఊరితో సంబంధం ఏమిటి అన్నదగ్గరే పట్టికలు తప్పుతాయి. పని ఎలా నడపాలో, ఎక్కడ కాలు జారుతుందో చూద్దాం.

ముందు ఏ వీటనో తేల్చుకోండి

అమెరికాలో వీటన్ కాలేజీలు రెండు. ఒకటి ఇల్లినాయ్‌లోని వీటన్ ఊళ్లో 1860లో మొదలైన ఎవాంజెలికల్ కాలేజీ. రెండోది మసాచుసెట్స్ రాష్ట్రం నార్టన్‌లో 1834లో ఆడపిల్లల బడిగా పుట్టింది. అది 1988 దాకా మహిళా కళాశాలే. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. పేరు మాత్రం అచ్చం ఒకటే.

దీనివల్ల జరిగే పొరపాటుకు 1968 మంచి ఉదాహరణ. ఆ ఏడాది ఇల్లినాయ్ వీటన్‌లో చరిత్రకారులు మార్క్ నోల్, నేథన్ హ్యాచ్, పాస్టర్ జాన్ పైపర్ పట్టా పుచ్చుకున్నారు. అదే ఏడాది మసాచుసెట్స్ వీటన్‌లో పట్టా పుచ్చుకున్నావిడ క్రిస్టీన్ టాడ్ విట్మన్, తర్వాత న్యూజెర్సీ గవర్నర్ అయ్యారు. ‘వీటన్ కాలేజీ, 1968’ అని మాత్రమే చూసి రాసుకుంటే నలుగురూ ఒకే తరగతి అయిపోతారు. కాబట్టి ఒక్కో మనిషికి రాసుకునే చీటీ మీద కాలేజీ పేరుతోపాటు రాష్ట్రం పేరు తప్పకుండా ఉండాలి. మేరీల్యాండ్‌లో వీటన్ అనే మరో ఊరు కూడా ఉంది. అక్కడి వాళ్లూ అప్పుడప్పుడు ఈ పట్టికలోకి దూరుతుంటారు.

ఆ తర్వాత ఊరినీ కాలేజీనీ విడదీయాలి. విశ్వం వ్యాకోచిస్తోందని చూపిన ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ మిస్సోరీలోని మార్ష్‌ఫీల్డ్‌లో 1889లో పుట్టి, చిన్నతనంలో కుటుంబంతో వీటన్ వచ్చి, 1906లో ఇక్కడి హైస్కూలు పూర్తిచేశారు. కాలేజీ చదువు షికాగో విశ్వవిద్యాలయంలో. వీటన్ కాలేజీతో ఆయనకు సంబంధం లేదు. వాటర్‌గేట్ విలేకరి బాబ్ వుడ్‌వర్డ్, హాస్యనటుడు జాన్ బెలూషి, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రెడ్ గ్రేంజ్ కూడా ఊళ్లో పెరిగి, ఇక్కడి హైస్కూల్లో చదివినవాళ్లే తప్ప కాలేజీ వాళ్లు కారు. వేర్వేరు చోట్ల ఈ హైస్కూలు పేరు వేర్వేరుగా కనిపిస్తే కంగారు పడొద్దు. కాలం గడిచేకొద్దీ బడి పేరు మారుతూ వచ్చింది.

‘వీటన్‌కు చెందిన’ అన్న మాట మానేయండి

తెలుగులో ఈ పని పాడయ్యేది ఎక్కువగా ఈ ఒక్క మాటవల్లే. ‘చెందిన’ అంటే పుట్టినవాడా, పెరిగినవాడా, చదివినవాడా, పాఠం చెప్పినవాడా, ఇల్లు కట్టుకున్నవాడా అన్నది తెలియదు. తెలియకపోయినా వాక్యం నిండుగా ఉన్నట్టే ఉంటుంది. పట్టిక మొత్తంలో ఆ మాట ఒక్కసారి కూడా వాడకూడదని నియమం పెట్టుకోండి. ప్రతి పేరు పక్కన ఒక క్రియాపదం ఉండాలి: పుట్టారు, పెరిగారు, చదివారు, పట్టా పొందారు, బోధించారు, నడిపారు, నివసించారు, మరణించారు. క్రియాపదం రాయడానికి ఆధారం దొరకలేదంటే ఆ పేరు పట్టికలో ఉండదు, ఎంత పేరున్నవాడైనా సరే.

‘చదివారు’, ‘పట్టా పొందారు’ రెండూ ఒకటి కాదని గుర్తుంచుకోవాలి. అమెరికా కాలేజీలు ఒక్క ఏడాది కూర్చున్నవాళ్లని కూడా పూర్వ విద్యార్థులుగానే లెక్కిస్తాయి. తెలుగులో ‘పూర్వ విద్యార్థి’ అనగానే చదువు పూర్తిచేశాడనే అనుకుంటాం. ఈక్వడార్‌లో మరణించిన పైలట్ నేట్ సెయింట్ వీటన్‌లో కొద్దికాలమే చదివారు, పట్టా పుచ్చుకోలేదు. జిమ్ ఎలియట్, ఎడ్ మెకల్లీ 1949లో పట్టభద్రులు. ముగ్గురినీ ఒకే వాక్యంలో ‘వీటన్ పట్టభద్రులు’ అంటే తప్పు.

1860కి ముందువాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. వీటన్ కాలేజీ రాకముందు అదే చోట వెస్లియన్ మెథడిస్టుల ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ నడిచింది. గ్రాండ్ కాన్యన్ గుండా 1869లో కొలరాడో నదిలో పడవల మీద వెళ్లిన జాన్ వెస్లీ పవెల్ చదివింది ఆ ఇన్‌స్టిట్యూట్‌లో, అదీ కొంతకాలమే. ‘తర్వాత వీటన్ కాలేజీగా మారిన ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్‌లో కొంతకాలం చదివారు’ అని రాస్తే సరిపోతుంది. వాక్యం కాస్త పొడుగైనా పరవాలేదు.

పుట్టిన ఊరి విషయంలోనూ జాగ్రత్త పడాలి. ఈ చుట్టుపక్కల పెద్దాసుపత్రి ఉన్నది వీటన్‌లో కాదు, పక్కనున్న విన్‌ఫీల్డ్‌లో. అది 1964లో తెరుచుకుంది. ఆ తర్వాత పుట్టిన వీటన్ పిల్లల్లో చాలామందికి కాగితాల మీద జన్మస్థలం విన్‌ఫీల్డే. అలాంటప్పుడు ‘విన్‌ఫీల్డ్‌లో పుట్టి వీటన్‌లో పెరిగారు’ అంటే చాలు.

ఎవాంజెలికల్ అంటే సువార్తికుడు కాదు

తెలుగు పత్రికల్లో ఈ రెండు మాటలూ కలగాపులగం అవుతుంటాయి. సువార్తికుడు అంటే సువార్త ప్రకటించడమే పనిగా పెట్టుకున్న మనిషి. బిల్లీ గ్రాహం సువార్తికుడు. ఎవాంజెలికల్ అనేది ప్రొటెస్టెంట్లలో ఒక ధోరణి. బైబిలు అధికారం, వ్యక్తిగతమైన మారుమనస్సు, సిలువ, సువార్త సేవ దాని పట్టుగొమ్మలు. ఆ ధోరణిలో చరిత్రకారులూ తత్త్వశాస్త్ర ఆచార్యులూ కూడా ఉంటారు. మార్క్ నోల్‌ని సువార్తికుడు అంటే చదివేవాళ్లు ఆయన సభల్లో ప్రసంగాలు చేస్తాడనుకుంటారు. పైగా గుంటూరు ప్రాంతం పాఠకులకి ఎవాంజెలికల్ అనగానే ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి గుర్తొస్తుంది. అక్కడ ఆ మాట జర్మన్ లూథరన్ సంప్రదాయం నుంచి వచ్చింది, అర్థం వేరు. పట్టిక మొదట్లోనే రెండు వాక్యాల్లో ఈ తేడా చెప్పేస్తే మంచిది.

ఊరంతా ఎవాంజెలికలే అనుకోవడమూ పొరపాటే. అమెరికా దివ్యజ్ఞాన సమాజం ప్రధాన కార్యాలయం ఉన్నది వీటన్‌లోనే. అడయారు సమాజంతో తెలుగువాళ్లకున్న పరిచయం వల్ల ఈ సంగతి మన పాఠకులకి ఆసక్తిగా ఉంటుంది. కానీ ఆ పేర్లను కాలేజీ పేర్లతో కలపకుండా విడిగా పెట్టండి.

చీటీ ఎలా ఉండాలి

ఒక్కో మనిషికి ఒక్కో చీటీ, లేదా స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో వరస. గళ్లు ఇవి: తెలుగులో పేరు, అసలు లిపిలో పేరు, పెళ్లికి ముందు పేరు, పుట్టిన తేదీ, ఊరు, మరణించిన తేదీ, ఊరు, వీటన్‌తో సంబంధం తెలిపే క్రియాపదం, ఆ సంబంధం మొదలైన, ముగిసిన సంవత్సరాలు, దేనివల్ల పేరొచ్చింది, ఆధారం ఒకటి, ఆధారం రెండు. చివరి రెండు గళ్లూ నిండకుండా ఏ చీటీ ముందుకు కదలకూడదు. రెండు ఆధారాలూ ఒకదాన్నొకటి చూసి రాసినవి అయితే అవి రెండు కాదు, ఒకటే. అంతర్జాలంలో ఒకే తప్పు ఇరవై చోట్ల కనపడడానికి కారణం అదే.

పెళ్లికి ముందు పేరు గడి ఎందుకంటే, ఈ పట్టికల్లో ఆడవాళ్లు తక్కువగా కనిపించడానికి సగం కారణం అదే. కాలేజీ వార్షిక సంచిక టవర్‌లోనూ విద్యార్థి పత్రిక వీటన్ రికార్డ్‌లోనూ వాళ్లు పుట్టింటి పేర్లతోనే ఉంటారు. రూత్ గ్రాహం అని వెతికితే ఏమీ దొరకదు, రూత్ బెల్ అని వెతకాలి. ఎలిజబెత్ ఎలియట్ 1948లో పట్టా పొందేనాటికి ఎలిజబెత్ హోవార్డ్. ఆమె మొదటి పేరులో జెడ్ అక్షరం కాకుండా ఎస్ ఉంటుంది, వెతికేటప్పుడు అదీ చూసుకోవాలి. సయాం (నేటి థాయ్‌లాండ్) రాజు ఆస్థానంలో పనిచేసిన ఆంగ్ల ఉపాధ్యాయురాలి కథను 1944లో పుస్తకంగా తెచ్చిన మార్గరెట్ లాండన్, 1925లో పట్టా పుచ్చుకున్నప్పుడు మార్గరెట్ మార్టెన్‌సన్.

కాలేజీ అధ్యక్షులు

ఇది సులువైన భాగం, త్వరగా ముగించవచ్చు. జోనథన్ బ్లాంచర్డ్ 1860 నుంచి 1882 దాకా, ఆయన కొడుకు చార్లెస్ బ్లాంచర్డ్ 1925 దాకా, ఆలివర్ బస్వెల్ 1926 నుంచి 1940 దాకా, రేమండ్ ఎడ్మన్ 1965 దాకా, హడ్సన్ ఆర్మర్డింగ్ 1982 దాకా, రిచర్డ్ చేస్ 1993 దాకా, డ్వేన్ లిట్ఫిన్ 2010 దాకా. 2010లో ఫిలిప్ రైకెన్ ఎనిమిదో అధ్యక్షుడయ్యారు. ‘ప్రిన్సిపాల్’ అని రాయకండి, అమెరికాలో అది హైస్కూలు పదవి. ఉత్త ‘అధ్యక్షుడు’ అన్నా దేశాధ్యక్షుడేమో అనిపిస్తుంది. ‘కాలేజీ అధ్యక్షుడు’ అనే పూర్తిగా రాయండి.

ఇక్కడ మూడుచోట్ల తడబాటు వస్తుంది. తండ్రీకొడుకులైన బ్లాంచర్డ్‌లిద్దరినీ ఒకరిగా కలిపేసి, ఒకే మనిషి 65 ఏళ్లు ఏలినట్టు రాయడం ఒకటి. బానిసత్వాన్ని ఎదిరించి, ఫ్రీమేసన్లనే రహస్య సంఘం మీద ధ్వజమెత్తి, గేల్స్‌బర్గ్‌లోని నాక్స్ కాలేజీకి అధ్యక్షత వహించి ఇక్కడికొచ్చినవారు తండ్రి. రెండోది ఎడ్మన్ మొదలైన సంవత్సరం. 1940లో తాత్కాలికంగా బాధ్యత తీసుకున్నారు, 1941లో పూర్తిస్థాయిలో. అందుకే ఒక్కోచోట ఒక్కో అంకె ఉంటుంది. మూడోది ఆయన మరణం. 1967 సెప్టెంబరు 22న కాలేజీ ఆరాధనలో విద్యార్థుల ముందు మాట్లాడుతూనే ఆయన కుప్పకూలారు. అప్పటికి అధ్యక్ష పదవి వదిలేసి ఛాన్సలర్‌గా ఉన్నారు. ‘అధ్యక్షుడిగా ఉండగా’ అని చాలామంది పొరబడతారు. ఆ మాట నిజంగా వర్తించేది చార్లెస్ బ్లాంచర్డ్‌కి.

రైకెన్ పేరుతోనూ జాగ్రత్త. వీటన్‌లో దశాబ్దాలపాటు ఆంగ్ల సాహిత్యం బోధించిన లేలండ్ రైకెన్ ఈయన తండ్రి. పుస్తకాలు ఇద్దరివీ ఉన్నాయి.

1930లు, 40ల తరం మీద ఎక్కువ సమయం పెట్టండి

పట్టికకు గుండెకాయ ఈ తరమే. వాళ్లను వేర్వేరు మనుషులుగా రాసుకుపోతే విషయం చచ్చిపోతుంది, ఒకరి పక్కన ఒకరిని పెట్టి చూడాలి. 1938లో పట్టా పుచ్చుకున్నవాళ్లలో కార్ల్ హెన్రీ, హెరాల్డ్ లిండ్‌సెల్, కెన్నెత్ టేలర్ ఉన్నారు. 1956లో మొదలైన క్రిస్టియానిటీ టుడే పత్రికకు హెన్రీ తొలి సంపాదకుడు. 1968లో ఆయన దిగాక ఆ కుర్చీ ఎక్కినవాడు లిండ్‌సెల్. 1947లో కాలిఫోర్నియాలో ఫుల్లర్ సెమినరీ తెరిచినప్పుడు తొలి అధ్యాపకుల్లోనూ ఇద్దరూ ఉన్నారు. 1941లో పట్టా పొందిన ఎడ్వర్డ్ కార్నెల్ తర్వాత ఆ ఫుల్లర్‌కే అధ్యక్షుడయ్యారు. ఈ తరం వెనక 1936 నుంచి 1943 దాకా తత్త్వశాస్త్రం చెప్పిన గోర్డన్ క్లార్క్ ఉన్నారు. హెన్రీ, కార్నెల్ ఇద్దరూ ఆయన దగ్గర పాఠం విన్నవాళ్లే. క్లార్క్‌కు విడిగా చీటీ లేని పట్టిక అసంపూర్ణమే. ఆయన పేరు సామాన్య పాఠకుడికి తెలియకపోయినా, ఎవరికి గురువు అన్నదే ఆయన అర్హత.

టేలర్ గురించి రాసేటప్పుడు ‘బైబిలును అనువదించారు’ అనకండి. మూలభాషల నుంచి చేసిన అనువాదం కాదది. పాత ఇంగ్లీషు బైబిలును తన పిల్లలకు అర్థమయ్యే వాడుక మాటల్లోకి తిరగరాశారు. వీటన్ నుంచి షికాగోకు ఉద్యోగానికి వెళ్లే రైల్లో కూర్చుని ఆ పనిలో చాలాభాగం చేశారు. మొదటి భాగం 1962లో, మొత్తం లివింగ్ బైబిల్ 1971లో వచ్చాయి. ‘వాడుకభాషలో భావానువాదం’ అంటే దగ్గరగా ఉంటుంది. ఆ మొదటి భాగం అచ్చువేయడానికి ఆయన పెట్టిన సంస్థ టిండేల్ హౌస్. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో అదే పేరుతో బైబిలు పరిశోధన గ్రంథాలయం ఉంది. రెండూ వేర్వేరు.

బిల్లీ గ్రాహం చీటీలో తప్పులు ఎక్కువ పోగవుతాయి, ఎందుకంటే అందరికీ ఆయన తెలుసనే అనుకుంటారు. వీటన్‌లో ఆయన తీసుకున్న పట్టా దైవశాస్త్రంలో కాదు, మానవశాస్త్రంలో, 1943లో. వీటన్‌కు వచ్చేనాటికే ఫ్లోరిడాలో బైబిలు చదువు పూర్తిచేసి, 1939లో సదరన్ బాప్టిస్టు పాస్టర్‌గా అభిషేకం పొందారు. పేరు ముందు ‘డాక్టర్’ అని తెలుగులో విరివిగా వేస్తారు గానీ ఆయన పరిశోధన చేసి సంపాదించిన డాక్టరేట్ ఏదీ లేదు, అన్నీ గౌరవ పట్టాలే. రూత్ బెల్‌తో పరిచయం వీటన్‌లో, పెళ్లి మాత్రం 1943 ఆగస్టు 13న నార్త్ కరోలినాలోని మాంట్రీట్‌లో. కాలేజీ ఆవరణలో ఆయన పేరుతో 1980లో కేంద్రం తెరిచారు, కానీ సమాధి ఉన్నది నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో. ఆయన సంస్థ కాగితాలు ఒకప్పుడు వీటన్‌లో ఉండేవి. 2019లో వాటిని షార్లెట్ తీసుకెళ్లారు. అంతకుముందు రాసిన వ్యాసాలను నమ్ముకుంటే పరిశోధకుణ్ణి తప్పు ఊరికి పంపినట్టవుతుంది.

ఈక్వడార్ మిషనరీలు

1956 జనవరి 8న ఈక్వడార్ అడవిలో వావొరానీ తెగవారి ఈటెలకు అయిదుగురు బలయ్యారు: జిమ్ ఎలియట్, నేట్ సెయింట్, ఎడ్ మెకల్లీ, పీట్ ఫ్లెమింగ్, రోజర్ యూడేరియన్. వీటన్‌లో చదివినవాళ్లు మొదటి ముగ్గురే. అయిదుగురినీ వీటన్ ఖాతాలో వేయడం తరచు జరిగే పొరపాటు. పాత పుస్తకాల్లో తెగ పేరు ‘ఆకా’ అని ఉంటుంది. అది పొరుగు భాషవాళ్లు పెట్టిన తిట్టుపేరు, వాడకండి. జిమ్ భార్య ఎలిజబెత్ 1958లో చిన్న కూతురిని వెంటబెట్టుకుని అదే తెగ మధ్యకు వెళ్లి నివసించింది. ఆమెకు ‘జిమ్ ఎలియట్ భార్య’ అన్న వాక్యం సరిపోదు, సొంత చీటీ ఉండాలి. పుట్టింది బ్రస్సెల్స్‌లో 1926లో, మరణం 2015లో. తెలుగు క్రైస్తవ పత్రికల్లో ఈ అయిదుగురినీ ‘హతసాక్షులు’ అంటారు. చర్చి పత్రికకైతే అది సరైన మాటే. అందరూ చదివే పట్టికలో ‘హత్యకు గురయ్యారు’ అని రాయాలి.

పండితులు, వాళ్ల పేరున్న ఇతరులు

వీటన్‌లో 1951 నుంచి 1994 దాకా తత్త్వశాస్త్రం బోధించిన ఆర్థర్ హోమ్స్ పేరు వెతికితే ముందు వచ్చేది భూమి వయసు లెక్కగట్టిన భూగర్భ శాస్త్రవేత్త ఆర్థర్ హోమ్స్. ఇద్దరూ ఇంగ్లండ్‌లో పుట్టినవాళ్లే కావడంతో మరీ చిక్కు. శాస్త్రవేత్త 1890లో పుట్టి 1965లో పోయారు. తత్త్వవేత్త 1924లో పుట్టి 2011లో మరణించారు. పుట్టిన సంవత్సరం చీటీలో లేకపోతే ఫొటో కూడా మారిపోతుంది. వీటన్ గ్రంథాలయానికి దానమిచ్చిన జాన్ క్విన్సీ ఆడమ్స్ కూడా ఇలాంటి కేసే. ఆయన దేశాధ్యక్షుడు కాదు, అదే పేరున్న ఊరి పెద్ద.

క్లైడ్ కిల్బీ ఆంగ్ల ఆచార్యుడు. సి.ఎస్. లూయిస్, టోల్కీన్, చెస్టర్టన్, డొరొతీ సేయర్స్, జార్జ్ మెక్‌డొనాల్డ్, ఓవెన్ బార్‌ఫీల్డ్, చార్లెస్ విలియమ్స్ అనే ఏడుగురు బ్రిటిష్ రచయితల ఉత్తరాలు, పుస్తకాలు 1965లో పోగుచేయడం మొదలుపెట్టారు. ఇప్పుడది మారియన్ వేడ్ కేంద్రం. లూయిస్ ఇంటి చెక్క బీరువా కూడా అక్కడుంది. అది చూసి కొందరు లూయిస్‌ని వీటన్ ప్రముఖుల్లో చేరుస్తారు. ఆయన అమెరికాలో కాలే పెట్టలేదు. ఏ క్రియాపదమూ కుదరదు కాబట్టి ఆయన పేరు కిల్బీ చీటీలోనే ఆగిపోవాలి.

చరిత్ర విభాగం బలమైనది. మార్క్ నోల్ 1979 నుంచి 2006 దాకా ఇక్కడ పనిచేసి నోటర్‌డామ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అంటే ఆయనకు రెండు క్రియాపదాలు: పట్టా పొందారు, బోధించారు. తోటి విద్యార్థి నేథన్ హ్యాచ్‌కి ఒకటే. ఆయన నోటర్‌డామ్‌లో ప్రొవోస్ట్‌గా, అంటే విద్యా వ్యవహారాల అధిపతిగా చేసి, 2005 నుంచి 2021 దాకా వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయాన్ని నడిపారు గానీ వీటన్ అధ్యాపకుడిగా పేరు తెచ్చుకోలేదు.

ఇబ్బంది పెట్టే పేర్లు

ఇలాంటి ఊరి పట్టికలో గొప్ప భక్తుల్ని ఉంచి మిగతావాళ్లని జారవిడవడం సహజంగా జరిగిపోతుంది. అది పట్టిక కాదు, సన్మానపత్రం. డెనిస్ హాస్టర్ట్ 1964లో ఇక్కడ పట్టా పొంది, 1999 నుంచి 2007 దాకా ప్రతినిధుల సభ స్పీకర్‌గా ఉన్నారు. బ్యాంకు నుంచి తన సొమ్ము తీసేటప్పుడు ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధనను తప్పించుకున్న కేసులో 2015లో నేరం ఒప్పుకున్నారు, 2016లో 15 నెలల శిక్ష పడింది. కాలేజీ తన అధ్యయన కేంద్రం ఒకదానికి పెట్టిన ఆయన పేరును 2015లోనే తీసేసింది. పదవినీ శిక్షనూ పక్కపక్క వాక్యాల్లో రాయాలి. ఒకటి పైన, ఇంకొకటి ఎక్కడో అడుగున ఉండకూడదు.

కొత్త నిబంధన పండితుడు బార్ట్ ఎర్మన్ 1978 పట్టభద్రుడు, తర్వాత విశ్వాసం వదిలేశారు. భయానక చిత్రాల దర్శకుడు వెస్ క్రేవన్ 1963 పట్టభద్రుడు. ఇద్దరూ ఉండాలి. రాజనీతి శాస్త్ర ఆచార్యురాలు లారిషియా హాకిన్స్ 2015 డిసెంబరులో ముస్లింలకు సంఘీభావంగా హిజాబ్ ధరించి, వారూ క్రైస్తవులూ ఒకే దేవుణ్ణి ఆరాధిస్తారని రాశారు. కాలేజీ ఆమెను విధులనుంచి పక్కనపెట్టింది. 2016 ఫిబ్రవరిలో ఇరువైపులా ఒప్పందంతో ఆమె వెళ్లిపోయారు. ఇంతే రాయండి. ఎవరిది న్యాయం అన్నది పట్టిక చేసే పని కాదు.

ఎక్కడ సరిచూసుకోవాలి

విద్యార్థుల సంవత్సరాలకు కాలేజీ భాండాగారం, వార్షిక సంచికలు మొదటి ఆధారం. సెనేటర్‌గా, జాతీయ నిఘా డైరెక్టర్‌గా చేసిన డాన్ కోట్స్‌లాంటి రాజకీయ నాయకులకైతే అమెరికా కాంగ్రెసు సభ్యుల జీవిత వివరాల సూచిక ఉచితంగా దొరుకుతుంది. అందులో చదువు, పదవీకాలాల తేదీలు నమ్మదగ్గవి. ఎవరు ఎప్పుడు ఊళ్లో ఉన్నారన్నది జనాభా లెక్కల పుస్తకాల్లో చూడాలి. వాటిని 72 ఏళ్ల తర్వాతే బయటపెడతారు, కాబట్టి 2022 ఏప్రిల్‌లో తెరిచిన 1950 లెక్కలే ప్రస్తుతానికి చివరివి. 1890 లెక్కలు 1921 అగ్నిప్రమాదంతో దాదాపు పూర్తిగా పోయాయి. 1880, 1900 పుస్తకాల మధ్య ఖాళీని పత్రికలతోనో సమాధి రాళ్లతోనో పూడ్చుకోవాలి. వీటన్ దగ్గర 1846లో పుట్టి, ఇక్కడి కాలేజీలో చదివి, యు.ఎస్. స్టీల్ అనే ఉక్కు సంస్థకు అధిపతి అయిన ఎల్బర్ట్ గ్యారీ వీటన్ మేయర్‌గా ఉన్న రోజులు సరిగ్గా ఆ ఖాళీలోనే పడతాయి.

భూమి, కోర్టు దస్త్రాలు ఇంకా పాతవి కావాలంటే ముందే ఒకటి తెలుసుకోండి. కౌంటీ కేంద్రం మొదట నేపర్‌విల్‌లో ఉండేది. 1867 ఓటింగులో వీటన్ గెలిచినా నేపర్‌విల్ దస్త్రాలు ఇవ్వకపోతే, 1868లో వీటన్ జనం రాత్రికి రాత్రి వెళ్లి ఎత్తుకొచ్చారు. అప్పుడు మిగిలిపోయినవాటిని భద్రంగా ఉంటాయని షికాగో పంపితే 1871 మహా అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి. అందుకే కొన్ని కాగితాలు ఎంత వెతికినా దొరకవు.

ప్రచురణ సంస్థల చిరునామాలు కూడా సరిచూడాలి. క్రాస్‌వే ఉన్నది వీటన్‌లో. టిండేల్ హౌస్ పక్క ఊరైన కరోల్ స్ట్రీమ్‌ది. క్రిస్టియానిటీ టుడే 1977లో వాషింగ్టన్ నుంచి తరలివచ్చింది కూడా ఆ ఊరికే. ‘వీటన్ ప్రాంతం’ అంటే రెండు ఊళ్లూ ఇముడుతాయి.

తెలుగులో రాత

ఇల్లినాయ్ చివర ‘స్’ పలకదు. వీటన్‌కు హ్వీటన్, వీటోన్ అని రకరకాలుగా రాయకుండా ఒకటే పట్టుకోండి. షికాగో, చికాగోల్లోనూ అంతే. థియాలజీకి ‘వేదాంతం’ అని పాత క్రైస్తవ పుస్తకాల్లో ఉంటుంది గానీ బయటి పాఠకుడు శంకరాచార్యుల దగ్గరికి వెళ్లిపోతాడు. ‘దైవశాస్త్రం’ మేలు. అందరికీ ‘పుట్టారు, చదివారు’ అనే గౌరవ రూపమే వాడండి. పేరు పక్కన ‘గారు’, ముందు ‘దైవజనులు’, మరణానికి ‘మహిమలో ప్రవేశించారు’, ‘ప్రభువునందు నిద్రించారు’ వంటివి వద్దు.

ఒక పూర్తి నమోదు ఇలా ఉంటుంది:

కెన్నెత్ టేలర్ (1917–2005), ప్రచురణకర్త. ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో పుట్టారు. వీటన్ కాలేజీలో 1938లో పట్టా పొందారు. వీటన్‌లో నివసిస్తూ ఇంగ్లీషు బైబిలుకు వాడుకభాషలో భావానువాదం చేశారు. 1962లో టిండేల్ హౌస్ స్థాపించారు. 1971లో లివింగ్ బైబిల్ వెలువరించారు. వీటన్‌లో మరణించారు.

ఒక్కో పేరుకు ఇంతకు మించి అక్కర్లేదు. బతికున్నవాళ్ల నమోదుల్లో ‘ప్రస్తుతం’ అన్న మాట రాయకండి, ‘2010 నుంచి’ అని సంవత్సరం వేయండి. ఏడాదికోసారి ఆ నమోదులన్నీ తిరగేసి, పదవి మారినవాళ్లకి ముగింపు సంవత్సరం చేర్చండి.